కుంచె ఎండకుండా

మూడు ఆఫీసుల్లో మూడు ఫైళ్లు.
ఆసుపత్రిలో అతనొక జబ్బు పేరు,
ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో ఒక వరస నంబరు,
మా సంస్థ బీరువాలో
గమ్ము ఎండి ఊడిపోయిన పాస్‌పోర్టు ఫోటో.
జోజిబాబు అనే మనిషి మాత్రం
ఈ మూడింటి మధ్యా
సిటీ బస్సులో నిలబడి తిరుగుతుండేవాడు.
సంతకం లేదని ఒకరు,
సీలు పడలేదని ఒకరు,
సాయంత్రం రమ్మని నేను.

అవును, నేనూ.

ఒకప్పుడతను లారీల వెనక గద్దల్ని గీసేవాడు.
జోజి గద్దను చూస్తే వెనకొచ్చే బండి
తనంతట తనే బ్రేకేసుకునేదని
ఆటోనగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.
తర్వాత గద్దలు మాట్లాడటం మొదలెట్టాయి,
రాత్రిళ్లు, పేరు పెట్టి పిలిచి.
ఆరేళ్లు కుంచె ముట్టలేదు.
ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు.
వీధి అంతకంటే పొట్టి మాటొకటి వాడింది.

మస్తాన్ వలీ షెడ్డులో పని దొరికింది.
ఎనిమిదింటికల్లా రావాలి.
రాత్రి మింగిన మాత్ర
పొద్దున పదిదాకా రెప్పల మీదే కూర్చునుండేది.
“మనిషి మంచోడే మేడమ్,
టైముతోనే వచ్చింది తంటా” అన్నాడు వలీ.
ఆసుపత్రికి ఉత్తరం రాశాను:
మందు సంగతి మాది, పని సంగతి మీది, అన్నారు.
ఎక్స్ఛేంజికి రాశాను:
పని చూపించాం, కేసు మూసేశాం, అన్నారు.
మూత కింద మనిషున్నాడని
ఏ కాగితం మీద రాయను?

చివరికి ఒక గురువారం
ఆటోనగర్ గేటు దగ్గర టీ బడ్డీ ముందు
ఒకే బల్ల మీద సర్దుకుని కూర్చున్నాం.
నర్సు విమలకుమారి, వలీ, నేను,
ఎక్స్ఛేంజి నుంచి పార్థసారథి గారు.
చాలాసేపు మాట్లాడాక చూస్తే
జోజి నిలబడే ఉన్నాడు,
మా గ్లాసులు పట్టుకుని.
పార్థసారథి గారు కాస్త జరిగారు.
ఆయన జరగడం నేను చూసింది అదే మొదలు.

“నీకేం కావాలయ్యా?”
“పదిన్నరకొస్తా. చీకటి పడ్డాక ఇంకాసేపుంటా.
రేకులు కొట్టేవైపు కాదు, ఈ గోడ పక్కన నిలబడతా.
గద్దలు మాత్రం గీయను.”
“మరి?”
“అక్షరాలు.”

అంతే.
నాలుగు నెలలు మేం ఉత్తరాలు రాసుకున్నది
ఈ కాసిని మాటల కోసం.
విమలకుమారి డాక్టరుతో మాట్లాడి
మాత్రను రాత్రి ఏడింటికి జరిపించింది.
వలీ హాజరు పుస్తకంలో కొత్త గీత కొట్టాడు.
శబ్దం చేయుము, దూరం పాటించుము...
పసుప్పచ్చ మీద ఎర్రగా,
నీడలతో సహా లేచి నిలబడేవి అక్షరాలు.

ఆషాఢంలో ఓ సోమవారం రాలేదు.
మంగళవారమూ.
ఇదివరకైతే ఆ చోట్లో ఇంకొకడు నిలబడేవాడు.
ఈసారి వలీ నాకు చేశాడు,
నేను విమలకుమారికి,
ఆమె జోజి అక్క రోజమ్మకి.
బందరు కాలువ గట్టు మీద దొరికాడు,
రెండు రాత్రుల నిద్రలేని కళ్లతో.
మందుల కిటికీ దగ్గర
స్టాకు లేదు, సోమవారం రా, అన్నారట.
ఏ సోమవారమో చెప్పలేదట.

పదకొండు రోజులకు తిరిగొచ్చాడు.
ఎక్కడికెళ్లావని ఎవరూ అడగలేదు.
సగంలో వదిలిన లారీ ఎప్పుడో వెళ్లిపోయింది,
“చేయు” పక్కన “ము” వేరెవరో పెట్టారు, వంకరగా.
వలీ గోడ పక్కకి చూపించాడు.
హార్లిక్స్ సీసాలో కిరసనాయిలు,
అందులో జోజి కుంచె.
రోజూ సాయంత్రం షెడ్డు కట్టేసేముందు
నూనె మార్చాడట,
వెంట్రుకలు బిగుసుకుపోకుండా.
చెప్పినవాళ్లు లేరు.
ఏ ఆఫీసు ఫారంలోనూ ఆ పనికి గడి లేదు.

నెలాఖరు రిపోర్టులో
‘ప్రగతి’ అనే చోట ఏం రాయాలో తోచక
“కుంచె మెత్తగా ఉంది” అని రాశాను.
పైవాళ్లు వివరణ అడిగారు.

ఇదే ఆ వివరణ.